డాక్టరు చదువుకు రెండు భాషలు

ఎంబీబీఎస్ సీటు వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ పండగే. నాలుగు నెలలు తిరక్కుండానే కొందరు పిల్లలు 'క్లాసులో చెప్పేది తలకెక్కడం లేదు' అంటూ డీలా పడిపోతారు. ఇంటర్‌లో అన్ని మార్కులు తెచ్చుకున్నవాళ్లకు ఏమైందని అమ్మానాన్నలకు బెంగ.

నీట్‌ను తెలుగులో రాసే వీలుంది. కాలేజీలో చేరాక మాత్రం మన రెండు రాష్ట్రాల్లోనూ పరీక్ష ఇంగ్లిషులోనే. దాంతో నెపం తెలుగు మీడియం మీదకు నెట్టేస్తాం. అది సగమే నిజం. కాన్వెంటులో చదివినవాళ్లూ తడబడతారు. ఎందుకంటే, వైద్యం మాట్లాడే ఇంగ్లిషే వేరు!

'టెండర్' అంటే మనకు కాంట్రాక్టర్లు వేసేది. వైద్యంలో, నొక్కితే నొప్పి పుట్టడం. 'ఇన్‌స్పిరేషన్' అంటే స్ఫూర్తి కాదు, ఊపిరి పీల్చడం. 'పాజిటివ్' మంచిమాటే... కానీ టీబీ పరీక్ష రిపోర్టులో కనిపిస్తే జబ్బు ఉన్నట్టు. 'అక్యూట్' అంటే తీవ్రమైనదని చాలామంది అనుకుంటారు. తక్కువ సమయంలో మొదలైందని దాని అర్థం. రక్తంలో చక్కెర పెరిగితే 'హైపర్‌గ్లైసీమియా', పడిపోతే 'హైపోగ్లైసీమియా'. వినడానికి కవలల్లా ఉంటాయి. చికిత్సలు మాత్రం ఒకదానికొకటి ఎదురు.

ఇక పరీక్ష సంగతి. ఏం రాయాలో చెప్పే మాట ప్రశ్నలోనే ఉంటుంది. 'ఎన్యూమరేట్' అంటే పేర్లు వరుసగా రాస్తే చాలు. 'డిస్క్రైబ్' అంటే వివరించాలి. 'జస్టిఫై' అంటే కారణం చూపించాలి. పేర్లు అడిగినచోట మూడు పేజీలు నింపినవాడికి విషయం తెలిసీ టైము చాలదు. బిట్ పేపర్లో 'ఎక్సెప్ట్' అన్న మాట కంటపడకపోతే వచ్చిన జవాబూ తప్పవుతుంది.

వార్డులోకి వెళ్తే కథ మారుతుంది. అక్కడ రోగి మాట్లాడేది తెలుగు. 'కళ్లు తిరుగుతున్నాయి బాబూ' అంటుంది ముసలమ్మ. చుట్టూ ఉన్నవన్నీ గిర్రున తిరుగుతున్నాయా? కళ్లకు చీకట్లు కమ్ముతున్నాయా? మొదటిదైతే లోపలి చెవిలో తేడా కావచ్చు. రెండోదైతే బీపీ పడిపోయి ఉండొచ్చు. 'గుండెల్లో మంట' అన్నా అంతే. ఎసిడిటీ కావచ్చు, గుండెపోటూ కావచ్చు. ఓపిగ్గా అడిగి తేల్చుకోవాలి. ఇక్కడ పల్లెటూరి తెలుగు తెలిసిన కుర్రాడిదే పైచేయి.

అందుకే 2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో, మొదట్లో ఉండే ఫౌండేషన్ కోర్సులోనే భాషా నైపుణ్యాలకూ చోటిచ్చారు.

మరి పిల్లలు ఏం చేయాలి? రోజుకు పది కొత్త మాటలు, పక్కనే తెలుగు అర్థంతో ఒక నోట్సులో రాసుకోవాలి. 'హైపర్' ఎక్కువ, 'హైపో' తక్కువ, 'ఐటిస్' వాపు... ఇలాంటి ముక్కలు కొన్ని పట్టుబడితే ఎన్నో పదాలు వాటంతటవే విడిపోతాయి. పాఠాన్ని ముందు తెలుగులో స్నేహితుడికి చెప్పి, తర్వాత ఇంగ్లిషులో రాయాలి. పాత ప్రశ్నపత్రాల్లో ఏం చేయమన్నారో ఆ మాట కింద గీత గీయాలి.

అమ్మానాన్నలూ, మార్కులు తగ్గగానే 'తెలివి ఏమైపోయింది' అనకండి. జవాబు రాలేదా, ప్రశ్న అర్థం కాలేదా అని అడగండి. లెక్చరర్లకూ ఒక మనవి... పేపర్లు దిద్దేటప్పుడు అదే ప్రశ్న మీరూ వేసుకోండి. మొదటిదానికి మళ్లీ చదివించాలి. రెండోదానికి పక్కన కూర్చోబెట్టుకుని పది నిమిషాలు చెబితే చాలు.