బహదూర్‌పురా కేసును అందరూ మరిచారు

లాలాపేటలో నలుగురు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన దురుసు మాట, లక్షల మంది అభిమానులున్న తార నోట వచ్చిన అదే మాట ఒక్కటి కావు. సుప్రీంకోర్టు 2020 డిసెంబర్ 7నే ఈ తేడా తేల్చింది. టీవీ యాంకర్ అమీష్ దేవగన్ కేసులో, పలుకుబడి ఉన్నవారి మాట ఎక్కువ మందిని చేరుతుంది గనుక వారి బాధ్యతా ఎక్కువేనని చెప్పింది. ఆ యాంకర్‌పై దాఖలైన ఎఫ్‌ఐఆర్‌లలో ఒకటి మన హైదరాబాద్‌లోని బహదూర్‌పురా ఠాణాదే. అయినా మన చర్చల్లో ఆ తీర్పు ఊసే ఉండదు. ఒక పక్షం భావప్రకటన స్వేచ్ఛ అంటుంది, రెండోది మనోభావాలంటుంది. కొలబద్ద ఉందన్న సంగతి ఇద్దరికీ పట్టదు.

ఆ యాంకర్ సూఫీ సాధువు ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీని దోపిడీదారుగా పేర్కొని, తర్వాత పొరపాటున అన్నానంటూ క్షమాపణ చెప్పాడు. కోర్టు కేసులు కొట్టేయలేదు, అన్నిటినీ అజ్మీర్‌కు పంపింది. అన్నది ఎవరు, ఎవరిని, ఏ సందర్భంలో, దాని ప్రభావమేమిటి అన్నవి చూడాలంది. ప్రభుత్వ విధానాలపై విమర్శను ద్వేషంగా లెక్కగట్టొద్దనీ అదే తీర్పు చెప్పింది.

ఈ కొలతతో నటి కస్తూరి కేసు చూడండి. 2024 నవంబర్ 3న చెన్నై సభలో ఆమె తెలుగువారి పూర్వీకులను రాజుల అంతఃపురాల్లో ఊడిగానికి వచ్చినవారన్నారు. ఆ వీడియో ఫోన్లన్నీ చుట్టింది. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ముందస్తు బెయిల్ నిరాకరించింది, హైదరాబాద్‌లో ఆమె అరెస్టయ్యారు. అక్కడ లక్ష్యం ఒక జాతి మొత్తం. అందుకే కేసు న్యాయమైనది.

విజయ్ దేవరకొండ మాట వేరు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి గురించి మాట్లాడుతూ ఐదు వందల ఏళ్ల కిందటి 'ట్రైబల్స్' కొట్లాటలతో పోలిక తెచ్చారు. ఆదివాసులకు అది అవమానమే. కానీ ద్వేషం రెచ్చగొట్టే ఉద్దేశం అందులో కనబడదు, మే నెలలోనే విచారం ప్రకటించారు. జూన్‌లో రాయదుర్గం పోలీసులు కేసు పెట్టారు. బహదూర్‌పురా కేసు తీర్పు ఉద్దేశాన్నీ చూడమంది కదా!

మరి రాంగోపాల్ వర్మ? చంద్రబాబు, లోకేశ్, పవన్ కల్యాణ్‌ల మార్ఫింగ్ ఫోటోలు ఎక్స్‌లో పెట్టారని 2024 నవంబర్‌లో మద్దిపాడు పోలీసులు కేసు రాశారు. ఆ పోస్టులు నీచమైనవే కావచ్చు. కానీ అక్కడ దెబ్బతిన్నది పాలకుల పరువు. పరువునష్టం దావా వేసుకునే దారి వాళ్లకుంది.

పాలకులు ఎవరైనా ఇదే వరస. 2013లో చీరాల ఎమ్మెల్యేపై ఫేస్‌బుక్ పోస్టుకు పౌరహక్కుల నేత జయ వింధ్యాలను జైలుకు పంపారు. ఆ కేసులో వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ 2015లో రద్దయింది, అలవాటు పోలేదు. 2025 సెప్టెంబర్‌లో తెలంగాణ హైకోర్టు సోషల్ మీడియాలో రాజకీయ పోస్టులు పెట్టిన నల్ల బాలుపై మూడు కేసులు కొట్టేస్తూ, రాజకీయ పోస్టులపై యాంత్రికంగా ఎఫ్‌ఐఆర్‌లు కట్టొద్దని పోలీసులకు మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది.

కర్ణాటక విద్వేష ప్రసంగాల బిల్లు చూసి ఇక్కడా కొత్త చట్టం కావాలంటున్నవారు ముందు ఒక లెక్క తీయాలి. బహదూర్‌పురా ఎఫ్‌ఐఆర్ తర్వాత పెట్టిన సోషల్ మీడియా కేసుల్లో ఒక కులాన్నో మతాన్నో జాతినో కించపరిచినందుకు ఎన్ని, నాయకుడిని తిట్టినందుకు ఎన్ని? రెండు తెలుగు రాష్ట్రాల హోం శాఖలూ ఆ వివరాలు శాసనసభల ముందు పెట్టాలి. అవి బయటపెట్టేదాకా కొత్త సెక్షన్ అడిగే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.