చిన్న ల్యాప్‌టాప్... పెద్ద ఆట!

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. ఊరు సుల్తానాబాద్ అనుకోండి. రాజీవ్ రహదారి మీద లారీల రొద తప్ప బయట అలికిడి లేదు. ఇంట్లో మాత్రం కూలరూ, ల్యాప్‌టాప్ ఫ్యానూ పోటీలు పడి మోగుతున్నాయి. ఇంజినీరింగ్ రెండో ఏడాది చదివే కుర్రాడు మంచం మీద బోర్లా పడుకుని 'జీటీఏ ఫైవ్' ఆడుతున్నాడు. ఆడుతున్నాడనడం కన్నా ఆట కదలడం కోసం ఎదురు చూస్తున్నాడనడం సబబు. కారు మలుపు తిరగాలి... తెర బిగుసుకుపోతుంది. తేరుకునేసరికి కారు గోడకు గుద్దుకుని ఉంటుంది!

''ఏందిర గా మోత? పేలుతదా ఏంది?'' రైసు మిల్లు నుంచి అన్నానికి వచ్చిన తండ్రి అడిగాడు.

''దీంట్ల దమ్ము లేదు బాపూ. గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలె.''

తండ్రి ఏమీ అనలేదు. ఆ ల్యాప్‌టాప్ చిట్టీ ఎత్తి కొన్నది. వాయిదాలు ఇంకా ఏడు నెలలు కట్టాలి.

ఇలాంటి ఇళ్లు తెలుగునాట ఎన్నో. బాసరలో 2008లో ట్రిపుల్ ఐటీ మొదలైనప్పుడు పల్లె బడుల్లో పది చదివి వచ్చిన పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లు అందాయి. చాలా కుటుంబాలకు అదే మొదటి కంప్యూటర్. 2020లో కరోనా వచ్చి పాఠాలు ఆన్‌లైన్‌లోకి మారాక అప్పు చేసైనా ఒకటి కొన్నవాళ్లు మరెందరో. అవన్నీ చదువు కోసం వచ్చిన యంత్రాలు. పాఠం వింటాయి, ప్రోగ్రామ్ రాయిస్తాయి, సినిమా చూపిస్తాయి. పెద్ద ఆట పెట్టగానే ఆయాసపడతాయి. అప్పుడు ఇంట్లో వచ్చే మొదటి మాట 'కొత్తది కొందాం' అనే. అది మొదటి మాట కాదు, చివరి మాట కావాలి. ఎందుకంటే ల్యాప్‌టాప్ మొత్తంగా చేతకానిదై ఉండదు. లోపల ఎక్కడో ఒకచోట దారి ఇరుకై ఉంటుంది. ఆ చోటు తెలియకుండా డబ్బు పెట్టడమంటే జ్వరమేమిటో చూడకుండా సూది వేయించుకోవడమే.

చుక్కల లెక్క

అసలు ఆట కంప్యూటర్‌ను ఏమడుగుతుంది? బొమ్మలు గీయమంటుంది. సినిమాలో బొమ్మలన్నీ ముందే సిద్ధంగా ఉంటాయి. ఆటలో అలా కాదు, మీరు ఎటు తిరిగితే అటువైపు దృశ్యాన్ని అప్పటికప్పుడు గీయాలి. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కోదానికి దొరికే సమయం సెకనులో అరవయ్యో వంతు. 30 చాలనుకుంటే ముప్ఫయ్యో వంతు.

ఒక్కో బొమ్మలో ఎన్ని చుక్కలు? ఫుల్ హెచ్‌డీ తెర అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080. హెచ్చిస్తే 20,73,600 చుక్కలు. అదే 1280, 720కి తగ్గిస్తే 9,21,600. సగం కన్నా తక్కువ! ఇప్పుడు రెండూ కలిపి చూడండి. ఫుల్ హెచ్‌డీలో సెకనుకు 60 బొమ్మలంటే పన్నెండు కోట్ల పైచిలుకు చుక్కలు. 720లో 30 బొమ్మలంటే రెండు కోట్ల డెబ్భై ఆరు లక్షలు. ఆట అదే, కథ అదే, బరువు మాత్రం నాలుగున్నర రెట్లు తక్కువ.

ఈ కిటుకు కొత్తదేం కాదు. 1993లో 'డూమ్' వచ్చినప్పుడు అది గీసింది అడ్డం 320, నిలువు 200... అంటే 64 వేల చుక్కలే. అది కూడా మోయలేని కంప్యూటర్లలో ఆట కనిపించే కిటికీని చిన్నది చేసుకుని ఆడుకునేవారు. పదేళ్ల తర్వాత 2003లో 'వైస్ సిటీ' కంప్యూటర్లకు వచ్చింది. అది అడిగిన కనీస అర్హత 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు. అప్పట్లో మన ఊళ్లలో అంత కార్డు ఇంట్లో ఉన్నవాడు గొప్పవాడే. మిగతావాళ్లు నెట్ సెంటర్‌లో గంటకింత చొప్పున కట్టి ఆడారు.

ఇక మన కుర్రాడి 'జీటీఏ ఫైవ్' సంగతి. 2013 సెప్టెంబరులో అది మొదట వచ్చింది కంప్యూటర్ల మీద కాదు, ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 అనే ఆట పెట్టెల మీద. వాటిలో మొత్తం మెమరీ 512 ఎంబీ! కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఉన్న 8 జీబీలో పదహారో వంతు. అంత చిన్న పెట్టెలో అంత పెద్ద నగరాన్ని పట్టించారంటే, ఏది దగ్గరగా చూపాలి, ఏది దూరంగా ఉంచాలి, ఏది తీసేయాలి అని ప్రతి వీధికీ లెక్క కట్టారన్నమాట. వాళ్లు చేసిన పొదుపే ఇంట్లో మనమూ చేయవచ్చు.

మిల్లు చూస్తే తెలుస్తుంది

కుర్రాడి మేనమామకు బస్టాండు దగ్గర మొబైల్ షాపు. సాయంత్రం ల్యాప్‌టాప్ అక్కడికి చేరింది.

''కొత్తది కొనుడు తర్వాత. ముందుగాల ఏది ఇరుకైందో సూద్దాం పట్టు'' అన్నాడు మామ.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఆట నడుస్తుండగా దాన్ని చూడాలి. ప్రాసెసర్, మెమరీ, డిస్కు, గ్రాఫిక్స్... వీటిలో ఏది నూటికి నూరు దగ్గర నిలబడి ఉంటే ఇరుకు అక్కడ. డిస్కు నూరు చూపిస్తోందా? పాత హార్డ్ డిస్కయితే కారు పరుగెత్తుతున్నప్పుడు రాబోయే వీధుల్ని అది అందించలేకపోతోందని అర్థం. ఎస్ఎస్‌డీ వేయిస్తే ఆ కుదుపులు తగ్గుతాయి. మెమరీ నిండిపోయిందా? బ్రౌజరూ, వెనకాల తెరిచి ఉన్నవన్నీ మూసేయాలి.

కుర్రాడి ల్యాప్‌టాప్‌లో డిస్కు బాగానే ఉంది. గ్రాఫిక్స్ నూరు దగ్గర ఉంది. మెమరీ పేజీలో మామ ఇంకోటి చూపించాడు. ర్యామ్ పెట్టే గదులు రెండుంటే వాడుతున్నది ఒకటే.

ఇక్కడ ఒక చిన్న సంగతి తెలియాలి. గేమింగ్ కంప్యూటర్లలో గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. చదువుల ల్యాప్‌టాప్‌లలో అలా కాదు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ కలిసి ఉంటుంది, రెండూ ఒకే ర్యామ్‌ను పంచుకుంటాయి. సుల్తానాబాద్ వాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. మిల్లులో యంత్రం ఎంత పెద్దదైనా వడ్లు పైకి మోసే ఎలివేటర్ ఒక్కటే అయితే, అది ఎంత అందిస్తే అంతే ఆడుతుంది. రెండో ఎలివేటర్ పెడితే అదే యంత్రం ఇంకా ఎక్కువ ఆడుతుంది. డీడీఆర్ 4 రకం 2400 ర్యామ్ ఒకటే ఉంటే సెకనుకు 19.2 జీబీ మోస్తుంది. జోడీగా రెండుంటే 38.4. ప్రాసెసర్‌లో కలిసి ఉండే గ్రాఫిక్స్‌కు ఈ తేడా ఆటలోనే కనిపిస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ ధరతో పోలిస్తే ఇంకో ర్యామ్ ఖర్చు చిన్నదే. అయితే కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, రెండో గది ఉండదు. కొనే ముందు చూసుకోవాలి.

ఎండాకాలం కష్టం

మరి ఆట మొదటి పది నిమిషాలు బాగానే ఆడి, తర్వాత ఎందుకు చతికిలబడుతుంది? అది వేడి పని.

పలుచటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా వాడిన ఇంటెల్ 'యు' రకం ప్రాసెసర్లలో చాలావాటి లెక్క 15 వాట్లు. ఇంట్లో తిరిగే మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది. దానిలో ఐదో వంతు కరెంటుతో ఈ చిన్న చిప్పు లాస్ ఏంజెలెస్‌ను పోలిన ఒక నగరం మొత్తాన్ని గీసి చూపాలి! ఆ కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. దాన్ని బయటికి నెట్టాల్సింది చిన్న ఫ్యాను. చిప్పు వేడి వంద డిగ్రీల దగ్గరికి చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆట ఆగి ఆగి నడవడానికి కారణం అదే. అది రోగం కాదు, జాగ్రత్త.

వేడి బయటికి పోవాలంటే చిప్పుకూ గదికీ మధ్య తేడా ఉండాలి. గది 25 డిగ్రీలుంటే తేడా 75. మే నెలలో గది 42 డిగ్రీలుంటే తేడా 58. అంటే అదే ఫ్యాను అదే వేగంతో తిరిగినా బయటికి పోయే వేడి దాదాపు మూడొంతులకు పడిపోయినట్టే. రామగుండం, పెద్దపల్లి వైపు ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. కాబట్టి చలికాలంలో బాగా ఆడిన ఆట ఎండాకాలంలో మొరాయిస్తే ల్యాప్‌టాప్‌ను తిట్టి లాభం లేదు. పొద్దున్నే ఆడుకోవడం మేలు!

మామ అడుగు మూత విప్పాడు. ఫ్యాను పక్కన రాగి రెక్కల మీద బూడిదరంగు మెత్తలా దుమ్ము. మిల్లుల ఊరు కదా, గాలిలో ఊక దుమ్ముంటుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది కానీ గాలి పోయే దారి లేదు. మెత్తటి బ్రష్షుతో అదంతా తీసేశాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ''పరుపు మీద పెట్టకు. చెక్క పీట మీద పెట్టు. వెనకాల రెండు సీసా మూతలు పెట్టి జర లేపు. కూలరుకు ఎదురుంగ మాత్రం పెట్టకు, తేమ పోతది లోపలికి.''

దేన్ని తగ్గించాలి?

ఆట సెట్టింగుల్లో అన్నీ ఒకే బరువు కాదు. మొదట తెర కొలత 720కి తేవాలి. తర్వాత నీడలు, గడ్డి, అద్దాలూ నీళ్లలో కనిపించే ప్రతిబింబాలు తగ్గించాలి. అంచులు నునుపుగా చూపించే ఎంఎస్ఏఏను పూర్తిగా ఆపేయాలి. వీధిలో మనుషులు, కార్ల రద్దీ తగ్గిస్తే ప్రాసెసర్‌కు ఊరట. చివరగా వేగాన్ని 30 దగ్గర కట్టేయాలి. చాలామంది ఇది చేయరు. ఒకసారి 50, ఒకసారి 20 పలికే ఆట కన్నా నిలకడగా 30 నడిచే ఆట కంటికి హాయి. పైగా చిప్పుకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది, వేడి తగ్గుతుంది. చార్జర్ పెట్టే ఆడాలి. కరెంటు పోయి బ్యాటరీ మీద పడితే ల్యాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

కొత్త ఆటల్లో ఎఫ్ఎస్ఆర్ అనే సదుపాయం కూడా ఉంటోంది. 2021లో ఏఎండీ సంస్థ తెచ్చింది. తక్కువ చుక్కలతో గీసి పెద్ద తెరకు సాగదీసి, అంచులు సవరించి చూపుతుంది. వేరే సంస్థల చిప్పుల మీద కూడా పనిచేయడం దీని మంచితనం.

ఊరికే వస్తుందంటే...

ఇంతలో మామకు ఇంకో అనుమానం వచ్చింది. ''ఆట కొన్నవా, ఊకెనే దింపినవా?''

కుర్రాడు నేల చూపులు చూశాడు. స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లో వచ్చింది. పెట్టేటప్పుడు 'యాంటీవైరస్ ఆపేయండి' అని రాసి ఉంటే ఆపేశాడు. తాళం తీసి తలుపు బార్లా తెరవడం అంటే ఇదే. అలాంటివాటి వెంట పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాములు రావచ్చు. మన కరెంటుతో, మన ప్రాసెసర్‌తో ఎవరికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టేవీ రావచ్చు. ఆట ఆపినా ఫ్యాను మోత ఆగకపోతే అనుమానించాల్సిందే. ఆ ల్యాప్‌టాప్‌లోనే తండ్రి బ్యాంకు ఖాతా చూసుకుంటారు, పరీక్ష ఫీజు కడతారు. ఊరికే వచ్చిన ఆట అసలుకే ఎసరు పెట్టగలదు.

కొనుక్కుంటే ఇంకో సౌకర్యం ఉంది. స్టీమ్ దుకాణంలో కొన్న ఆటను 14 రోజుల లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే, తిరిగి ఇచ్చి డబ్బు అడగవచ్చు. మన ల్యాప్‌టాప్ మోస్తుందో లేదో చూసుకోవడానికి రెండు గంటలు ఎక్కువే.

అన్నిటికీ ఈ మందులు పనిచేయవు. 2019లో కంప్యూటర్లకు వచ్చిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'కు డిస్కులో 150 జీబీ చోటు, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి. దాన్ని 15 వాట్ల చిప్పు మీదికి ఎక్కించాలనుకోవడం స్కూటర్‌కు ట్రాలీ కట్టడమే. కుదరనిది కుదరదని తెలుసుకోవడమూ ఒక పొదుపే. పాత ఆటలు ఏమీ పారిపోలేదు, వేలల్లో ఉన్నాయి.

రాత్రి కరెంటు నిలకడగా ఉంది, ఎండ వేడి కాస్త దిగింది. మామ యాంటీవైరస్ పెట్టి పాతదంతా తుడిచేశాడు. నిజమైన ఆటను డిస్కౌంటులో కొని, రెండో ర్యామ్ పెట్టి, తెరను 720కి తెచ్చాడు. పీట మీద ల్యాప్‌టాప్, దాని వెనక రెండు సీసా మూతలు. కారు మలుపు తిరిగింది. ఆగలేదు.

తండ్రి వెనక నిలబడి చూశాడు. ''గంతేనా? మా మిల్లుల గూడ గిట్లనే. దుమ్ము దులిపి, ఎలివేటర్ సక్కజేస్తె మిషిని మారుసుడెందుకు?'' అన్నాడు.

తర్వాత గడియారం చూశాడు. ''పరీక్షలెప్పుడుర?''

ఆట ఆగింది. ఈసారి ల్యాప్‌టాప్ తప్పు లేదు.