కనిపించని బాటసారికి దీపం

నేలపై ప్రయాణం చేసేవానికి దారి తెలుస్తుంది. బండ్లు నడిచిన జాడ, మైలురాయి, మర్రిచెట్టు, గుడిగోపురం వీటిలో ఏదో ఒకటి అతనికి గుర్తుగా నిలుస్తుంది. సముద్రంపై సాగే నావికునికి అటువంటి ఆనవాళ్లు లేవు. నావ విడిచిన జాడను అల వెంటనే చెరిపివేస్తుంది. చీకటి పడిన తరువాత లోతైన నీరు ఎక్కడ ముగిసిందో, ఇసుకమేట ఎక్కడ మొదలైందో అతనికి తెలియదు. ఆ చీకటిలో అతనికి తోడుగా నిలిచేది తీరంపై వెలిగే దీపస్తంభం. లైట్‌హౌస్ అనే పేరుతో వాడుకలో ఉన్న ఈ కట్టడం చూపులకు ఒక ఎత్తైన గోపురం మాత్రమే. ఆలోచించి చూస్తే, ఒక సమాజం తాను ఎన్నడూ చూడబోని మనుషుల పట్ల చూపే బాధ్యతకు అది గుర్తు.

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల విద్యార్థికి ఈ విషయం తనకు సంబంధం లేనిదిగా తోచవచ్చు. నీరు అనగానే ఆ ప్రాంతంవారికి గుర్తుకు వచ్చేవి చెరువు, బోరుబావి; సముద్రం కాదు. అయినా ఆ నేలకు సముద్రంతో సంబంధం లేకపోలేదు. నంది కొండలలో పుట్టిన పెన్నానది హిందూపురం ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశిస్తుంది. ధర్మవరం పక్కగా పారే చిత్రావతి ఆ పెన్నలోనే కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద పెన్న బంగాళాఖాతంలో కలుస్తుంది. నీటికే కాదు, సరుకులకు కూడా ఇటువంటి ప్రయాణమే ఉంది. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కర్మాగారంలో తయారైన కార్లు ఓడలెక్కి విదేశాలకు వెళుతున్నాయి. చైనా నుండి దిగుమతి అయ్యే పట్టు ధర మారితే ఆ ప్రభావం హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుపైన, ధర్మవరం మగ్గాలపైన కనబడుతుంది. అందువల్ల తీరంలోని దీపం తీరవాసులకు మాత్రమే సంబంధించినదని భావించడం సరికాదు.

పెనుకొండ కొండపై బురుజులు కట్టినవారి ఉద్దేశం దూరం నుండి వచ్చేవారిని చూడడం. దీపస్తంభాన్ని ఎత్తున నిలిపేవారి ఉద్దేశం దూరం నుండి వచ్చేవారికి కనబడడం. భూమి గుండ్రంగా ఉండడం చేత, ఎంత కాంతిగల దీపమైనా తక్కువ ఎత్తులో ఉంటే కొంత దూరం దాటిన తరువాత నీటి వంపు వెనుక మరుగవుతుంది. 30 మీటర్ల ఎత్తులోని దీపం నీటిమట్టంపై ఉన్న కంటికి సుమారు 20 కిలోమీటర్ల వరకే కనబడుతుంది. ఆ దూరం రెండింతలు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. ఎత్తుతో పాటు కాంతిని ఒకే దిశలో కూర్చే కటకం కూడా అవసరం. ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త ఫ్రెనెల్ గాజుపట్టకాలను వలయాలుగా అమర్చి అటువంటి కటకాన్ని రూపొందించాడు. 1823లో దానిని మొదటిసారిగా ఒక నదీముఖం వద్ద ఉన్న కోర్డువాన్ దీపస్తంభంలో అమర్చారు. ప్రతి దీపానికీ వెలుగు చీకట్ల లయ ఒకటి నిర్ణయింపబడి ఉంటుంది. ఎన్ని క్షణాలకు ఎన్నిసార్లు మెరిసిందో లెక్కించి, అది ఏ ఊరి దీపమో నావికుడు తెలుసుకుంటాడు. రేవును సమీపించిన తరువాత దారికి ఇరువైపులా తేలే దీపాలు అతనికి తోడ్పడతాయి. భారతదేశంలో రేవులోనికి ప్రవేశించే ఓడకు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ దీపాలు హద్దులుగా ఉంటాయి.

దీపస్తంభాన్ని గురించి అర్థశాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం చర్చించారు. ఒక నావికుడు ఈ వెలుగును ఉపయోగించుకున్నందువల్ల మరొక నావికునికి అది తగ్గిపోదు. సముద్రంలో వెళుతున్న నావను ఆపి, వెలుగు చూసినందుకు వెల అడగడం సాధ్యం కాదు. అందుచేత ఇటువంటి పనికి వ్యాపారి పూనుకోడని, సమాజమే పూనుకోవాలని జాన్ స్టూవర్ట్ మిల్ 1848లో వాదించాడు. ఇంగ్లండులో రేవులకు వచ్చే ఓడల నుండి రుసుము వసూలు చేసి దీపాలను నడిపిన చరిత్రను 1974లో రోనాల్డ్ కోస్ వివరించాడు. భారతదేశంలో కూడా రేవులకు వచ్చే ఓడలు దీపాల రుసుము చెల్లిస్తాయి. అయితే రేవుకు రాకుండా సాగిపోయే ఓడకు, రుసుము చెల్లించలేని చిన్న తెప్పకు కూడా దీపం అంతే వెలుగును ఇస్తుంది. ఖర్చును ఎవరు భరించినా, వెలుగును పంచడంలో మాత్రం ఎక్కువ తక్కువలు ఉండవు. ఈ గుణమే దీపస్తంభానికి గౌరవాన్ని తెచ్చింది.

సుమారు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్రతీరంలో ఉత్తరాన బారువ, కళింగపట్నం మొదలుకొని విశాఖపట్నం, కాకినాడ సమీపంలోని వాకలపూడి, అంతర్వేది, మచిలీపట్నం, దక్షిణాన కృష్ణపట్నం వరకు దీపస్తంభాలు ఉన్నాయి. వీటిలో గోదావరి ముఖద్వారం వద్ద ఉన్నదానికి శాక్రమెంటో అనే అమెరికా పేరు ఉండడం కొత్తవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. అమెరికా నౌకాదళానికి చెందిన శాక్రమెంటో అనే యుద్ధనౌక 1867 జూన్ 19న ఆ ప్రాంతంలో నీటి అడుగున మేటకు తగిలి నాశనమైంది. నావికులందరూ ప్రాణాలతో బయటపడ్డారు. గోదావరి తెచ్చే ఒండ్రు వల్ల ఆ తీరం స్థిరంగా ఉండదు. కాకినాడకు ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ కూడా గత రెండు శతాబ్దాలలో ఆ ఒండ్రుతో ఏర్పడినదే. ఆ దీవి పెద్ద అలలకు అడ్డుగా నిలిచి కాకినాడను కాపాడుతున్నది. కాని ఒకచోట రక్షణనిచ్చే ఇసుకే మరొకచోట ఓడలకు ప్రమాదం తెస్తుంది. తీరం మారుతున్నచోట దీపాన్ని ఒకసారి వెలిగించి ఊరుకుంటే చాలదు. లోతులు కొలుస్తూ, గుర్తులు మారుస్తూ ఉండాలి. దీపస్తంభ నిర్వహణ నిరంతర కృషి అని ఆ తీరం నేర్పుతున్నది.

ఆ గోదావరి తీరంలోని కోరంగి రేవు ఒకప్పుడు ప్రసిద్ధమైనది. 1789లోను, 1839లోను వచ్చిన పెనుతుపానులు దానిని ధ్వంసం చేశాయి. ఆ రేవు నుండి ఓడలెక్కి చెరకుతోటలలో పనికై మారిషస్ దీవికి వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ కోరంగీలు అని పిలిచేవారు. వారి సంతతివారు నేటికీ అక్కడ ఉగాది జరుపుకుంటారు. ఆ దేశంలో ఉగాది సెలవుదినం. మారిషస్ చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. నీటిపైకి కనబడని ఆ దిబ్బలు చీకటిలో ఓడలకు మృత్యుముఖాలు. అందుచేత పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి చిన్న దీవులపై దీపస్తంభాలు నిర్మింపబడ్డాయి. ఉత్తరాన ఉన్న ఫ్లాట్ ఐలాండ్ మీది దీపస్తంభం 1855 నాటిది. ఆగ్నేయాన ఫూకే దీవిపై 1860ల దశకంలో మరొకటి వెలసింది. 1910లో పడమటి తీరాన ఆల్బియన్ వద్ద ఎరుపు తెలుపు పట్టెల దీపస్తంభం నిర్మించారు. నెలల తరబడి నీరు తప్ప మరేమీ చూడని వలసకూలీకి తీరంలోని వెలుగు కొత్త జీవితానికి తొలి సూచన అయి ఉండాలి.

అయితే దారి చూపిన వెలుగు ఆ కూలీలందరికీ ఆశ్రయం చూపలేదు. 1856లో కలకత్తా నుండి వచ్చిన రెండు ఓడలలో కలరా వ్యాపించింది. ప్రయాణికులను రేవులోనికి రానీయక, ఫ్లాట్ ఐలాండ్ పక్కనే ఉన్న గాబ్రియేల్ దీవిలో దింపారు. తగిన వసతి, వైద్యం లేక రెండువందల మందికి పైగా మరణించారు. ఓడను రక్షించడానికి దీపం పెట్టిన ప్రభుత్వం ఓడలోని మనిషిని రక్షించడానికి అంత శ్రద్ధ చూపలేదు. దీపం మనిషికీ మనిషికీ తేడా చూడలేదు. ఆ తేడాను చూసినది పాలకులు. దీపస్తంభం గొప్పదనాన్ని చెప్పేవారు ఈ సంగతిని కూడా చెప్పవలసి ఉంటుంది. దారి చూపడం తొలి ధర్మం మాత్రమే. చేరుకున్నవానిని ఆదరించడం దాని వెనువెంట రావలసిన ధర్మం.

ఆకాశంలోని ఉపగ్రహాలు ఓడ ఉన్న చోటును కొన్ని మీటర్ల తేడాతో చెప్పగలుగుతున్న ఈ కాలంలో దీపస్తంభాలు ఎందుకని కొందరు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్న తీసివేయదగినది కాదు. పెద్ద ఓడలు నేడు ప్రధానంగా ఉపగ్రహాల సంకేతాల మీదనే ఆధారపడుతున్నాయి. నిర్వహణకు ఖర్చు అవుతున్న మాట కూడా నిజమే. కాని ఈ ప్రశ్నకు మారిషస్ తీరమే ఒక సమాధానం ఇచ్చింది. 2020 జూలై 25న చీకటిపడిన తరువాత వకాషియో అనే భారీ సరుకుల ఓడ ఆ దీవి ఆగ్నేయతీరంలో పగడపు దిబ్బను ఢీకొన్నది. సుమారు 1000 టన్నుల చమురు సముద్రంలో కలిసి మత్స్యకారుల జీవనోపాధి దెబ్బతిన్నది. ఆ ఓడలో ఆధునిక పరికరాలకు కొదవ లేదు. సెల్‌ఫోన్ సంకేతాల కోసం ఓడను తీరానికి దగ్గరగా నడిపారని విచారణలో తేలింది. శిథిలమైన ఫూకే దీపస్తంభం ఆ తీరంలోనే కొద్ది దూరంలో ఉన్నది. అది వెలుగుతూ ఉంటే ప్రమాదం తప్పేదని చెప్పడానికి వీలులేదు. అయితే యంత్రం ఎంత ఖచ్చితమైనదైనా నావికుని అజాగ్రత్తకు విరుగుడు కాదన్నది స్పష్టం. పరికరం చెప్పినదానిని కంటితో సరిచూసుకొనే అవకాశం ఉండడమే భద్రత. ఉపగ్రహ సంకేతాలు బలహీనమైనవి. ఇటీవలి సంవత్సరాలలో యుద్ధవాతావరణం ఉన్న సముద్రాలలో వాటిని అడ్డుకొని, ఓడలకు తప్పుడు స్థానాలు చూపిన సంఘటనలు జరిగాయి. తీరంలోని దీపాన్ని అలా మరొకచోటికి మార్చి చూపడం ఎవరికీ సాధ్యం కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చిన్న పడవల మాట. రాత్రి వేటకు వెళ్లే మత్స్యకారునికి దీపస్తంభం పాతకాలపు వస్తువు కాదు. పరికరం తడిసి పాడైనా, బ్యాటరీ అయిపోయినా, గాలి ఎదురు తిరిగినా ఊరి దిక్కున మెరిసే వెలుగు అతనికి ఆధారం. దీపాలను తగ్గించాలా, ఉంచాలా అని నిర్ణయించేటప్పుడు గొప్ప ఓడల యజమానుల అవసరాన్ని మాత్రమే కొలమానంగా తీసుకోవడం న్యాయం కాదు. వేరే ఆధారం లేనివాని అవసరాన్నే ముందుగా చూడాలి.

1927లో చేసిన దీపస్తంభాల చట్టం స్థానంలో 2021లో భారతదేశంలో కొత్త చట్టం వచ్చింది. నౌకలకు తోడ్పడే అన్ని రకాల సాధనాలు దాని పరిధిలోనికి వచ్చాయి. పాత దీపస్తంభాలను వారసత్వ కట్టడాలుగా గుర్తించే వీలు కూడా అందులో ఉంది. 2024లో దేశంలోని 75 దీపస్తంభాల వద్ద పర్యాటక సౌకర్యాలు ప్రారంభమయ్యాయి. ప్రజలు దీపస్తంభాలను చూడడం, విద్యార్థులు వాటి పనితీరును తెలుసుకోవడం సంతోషించదగిన విషయాలు. అయితే దీపస్తంభం విహారస్థలం కావడం రెండవ ప్రయోజనం మాత్రమే. రంగులు వేసిన గోపురం కింద సందర్శకులు నిండి, రేవు దారిలోని తేలే దీపం ఆరిపోయి ఉంటే ఆ అభివృద్ధికి అర్థం ఉండదు.

తెలుగునాట కార్తీకమాసంలో ఆలయాలలో ఆకాశదీపం ఎత్తే ఆచారం ఉంది. ఇంటిలో పెట్టిన దీపం ఇంటివారికి వెలుగునిస్తుంది. ఎత్తున కట్టిన దీపం ఊరికంతటికీ కనబడుతుంది. దీపస్తంభం చేసే పని కూడా ఇటువంటిదే. హిందూపురం వీధిదీపం, ధర్మవరం రైల్వే స్టేషనులోని సిగ్నలు దీపం, గోదావరి ముఖద్వారంలోని దీపస్తంభం ఒకే ధర్మాన్ని పాటిస్తున్నాయి. వాటి కింద నడిచేవాడు ఎవరని అవి అడగవు. సముద్రానికి దూరంగా పెరిగిన విద్యార్థి రేపు ఇంజనీరు కావచ్చు, అధికారి కావచ్చు, ప్రజాప్రతినిధి కావచ్చు. ఏ దీపానికి ఎంత ఖర్చు చేయాలో నిర్ణయించే స్థానం అతనికి లభించవచ్చు. ఆనాడు లెక్కలో కనబడే లాభంతో పాటు, లెక్కలోనికి రాని చిన్న పడవను కూడా అతడు గుర్తుంచుకోవాలి. తీరాలలోని దీపాలు ఆరకుండా చూడడం ప్రభుత్వ బాధ్యత. అవి ఆరిపోతే అడగడం పౌరులందరి బాధ్యత.