లెక్కయు సాక్ష్యమును

ఇల్లు కట్టినవారు స్తంభములను నిలిపిన పిదప వానిని కదలింపరు. జీవకణము తీరు వేరు. దాని లోపలి దూలములు నిరంతరము పెరుగుచు, కూలుచు, మరల లేచుచుండును. ఈ పోగుల అల్లికకే కణాస్థిపంజరమని పేరు. అందలి సూక్ష్మనాళికలు ట్యూబ్యులిన్ అను ప్రోటీనుతో ఏర్పడిన బోలు గొట్టములు. ఒక్కొక్కదాని వ్యాసము సుమారు 25 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు వెడల్పులో అట్టివి 40,000 ప్రక్కప్రక్కన ఇమిడిపోవును.

కణము రెండుగా చీలునపుడు క్రోమోసోములను ఇరువైపులకు చేర్చునవి ఈ నాళికలే. టాక్సాల్ అను క్యాన్సరు మందు వీనిని విడిపోనీయక బిగించి, కణవిభజనమును నిలుపును. కావున వీని నడవడి నెరుగుట వట్టి వేడుక కాదు. ప్రాణములకు సంబంధించిన పని.

ఒకేచోట కొన్ని నాళికలు పెరుగుచుండగా మరికొన్ని హఠాత్తుగా కుంచించుకొనిపోవునని 1984లో మిచిసన్, కిర్ష్నర్ అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. ఇట్టి పోగులు వేలకొలది కలిసినపుడు ఏమి జరుగునో చేతితో లెక్కించుట అసాధ్యము. అందుచే పోగు ఎంత వంగును, ఎంత వేగమున పెరుగును, దానిని లాగు ప్రోటీనుకు బలమెంత అను నియమములను కంప్యూటరునకిచ్చి, క్షణక్షణమునకు లెక్క కట్టింతురు. ఇదియే సిమ్యులేషన్, అనగా అనుకరణము.

1997లో నెదెలెక్, సర్రే మొదలైనవారు సూక్ష్మనాళికలను, గుత్తులుగా కూర్చిన కైనేసిన్ అను మోటారు ప్రోటీనును కలిపి చూచిరి. కణమే లేని ఆ ద్రవములో నక్షత్రాకృతులు, సుడులు వానియంతట అవియే ఏర్పడెను. వారి కంప్యూటరు అనుకరణమును అట్టి ఆకృతులనే చూపెను.

దీనిని విని కొందరు, యంత్రము చెప్పినది గనుక సత్యమే యందురు. మరికొందరు, అది తెరమీది బొమ్మలాట యందురు. రెండును సరికావు. యంత్రమునకు తనకిచ్చిన నియమములు తప్ప వేరేమియు తెలియదు. వేసిన విత్తే మొలచును. ఫలితము ప్రయోగముతో సరిపోలినచో, ఆ కొద్ది నియమములే అట్టి ఆకృతికి చాలునని తెలియును. అంతమాత్రమున కణములోను అట్లే జరుగుచున్నదని తేలదు. సరిపోలనిచో, ఏదో నియమము తప్పియో, తెలియకయో మిగిలినదని తేలును. ఆ వైఫల్యమును లాభమే.

భాగహారము చేసిన బాలుడు లబ్ధమును గుణించి సరిచూచుకొనును. శాస్త్రజ్ఞుడును తన లెక్కను సూక్ష్మదర్శిని యెదుట నిలిపి సరిచూచుకొనవలెను. రోగికి ఔషధమిచ్చు విద్యకు తోడ్పడు లెక్క, సాక్ష్యము లేక చెల్లరాదు.