పని మార్చుకునే హక్కు

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు దేశమంతా ఇటు చూసింది. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. సాగు గిట్టుబాటు కానప్పుడు రైతు ఏం చెయ్యాలని పత్రికలు చర్చించాయి. మగవాడు చేస్తున్న పని మానుకుంటే అది ఆర్థిక సమస్య అవుతుంది. మరి రాజోలు దీవిలో పదిహేనేళ్లు లేసు అల్లిన స్త్రీ, అమలాపురంలో చీరలకు డిజైన్లు గీసే అమ్మాయి, కొత్తపేటలో డీటీపీ షాపులో పెళ్లిపత్రికలు తయారుచేసే ఇల్లాలు "ఈ పని గిట్టడం లేదు, వేరే పని నేర్చుకుంటాను" అంటే ఏమవుతుంది? ఏ కమిటీ వెయ్యరు. ఇంట్లో ఒక్క మాటతో తేలిపోతుంది: "ఇప్పుడెందుకమ్మా, ఈ వయసులో?"

ఈమధ్య సమావేశాలకు వెళ్లినప్పుడు సైబర్ సెక్యూరిటీ గురించి నన్ను అడుగుతున్న స్త్రీలు ఎక్కువయ్యారు. వాళ్లలో ఇంజనీరింగ్ చదివిన వాళ్లే కాదు, బొమ్మలు గీసేవాళ్లు, కుట్టుపని చేసేవాళ్లు, వీడియోలు ఎడిట్ చేసేవాళ్లూ ఉన్నారు. "మాలాంటి వాళ్లం ఆ పనికి పనికొస్తామా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నను నేను ఉద్యోగ సలహాగా మాత్రమే చూడలేకపోతున్నాను. స్త్రీ చేసిన శ్రమను ఎవరు లెక్కపెట్టారు, ఎవరు లెక్కపెట్టలేదు అన్నది ఇందులో ఉంది.

లేసు సంగతే తీసుకుందాం. సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక గోదావరికి రెండువైపులా ఇంటింటి పనిగా పాకింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో అక్కడ పరిశోధించి 1982లో పుస్తకం రాసింది. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే స్త్రీలను వ్యాపారులూ, ప్రభుత్వమూ కార్మికులుగా చూడలేదని ఆమె చూపించింది. వాళ్లు "గృహిణులు", చేస్తున్నది "తీరిక వేళ పని". సరుకు విదేశాలకు వెళ్లింది, వ్యాపారం మగవాళ్ల చేతిలో ఉంది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పరిధిలో మన కోనసీమ మండలాలూ ఉన్నాయి. సంతోషమే. కానీ గుర్తింపు వచ్చింది లేసుకు. అల్లిన చేతికి ఇంకా రాలేదు.

దీని ఫలితం పని మార్చుకునే రోజున బయటపడుతుంది. దరఖాస్తులో "అనుభవం" అన్న గడి దగ్గర పదిహేనేళ్ల పని చేసిన మనిషి "లేదు" అని రాస్తుంది. జీతం చీటీ లేదు, సర్టిఫికెట్ లేదు, యజమాని పేరు కూడా ఆమెకు తెలియదు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు మధ్యలో "ఖాళీ" ఎందుకుందని అడుగుతారు. ఆమె జీవితంలో ఖాళీ ఎప్పుడుంది?

ఇంతకీ సైబర్ సెక్యూరిటీ అంటే ఏమిటి? కంప్యూటర్లలో, ఫోన్లలో ఉన్న సమాచారాన్నీ డబ్బునూ దొంగల నుంచి కాపాడటం. అది ఒకే ఉద్యోగం కాదు. రాత్రింబవళ్లు తెర ముందు కూర్చుని వచ్చే పోయే సమాచారంలో తేడాను పట్టుకునే పని ఉంది. దాడి జరిగాక ఆనవాళ్లు వెతికే పని ఉంది. సంస్థలు నియమాలు పాటిస్తున్నాయో లేదో తనిఖీ చేసే పని, మోసాల గురించి ఉద్యోగులకు అర్థమయ్యేలా చెప్పే పని ఉన్నాయి. నకిలీ బ్యాంకు పేజీలో అక్షరం వంపు తేడాను, చిహ్నం రంగు తేడాను డిజైన్లు గీసే కన్ను త్వరగా పడుతుంది. వందల వరసల అల్లికలో తప్పిన ఒక్క ముడిని వెతికిన ఓర్పు ఈ పనిలో వృథా పోదు.

అయితే ఓర్పు ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయో, లైనక్స్ ఎలా పనిచేస్తుందో, కాస్త ప్రోగ్రామింగ్, చదివి రాయగలిగినంత ఇంగ్లీషు నేర్చుకోవాలి. రోజూ కూర్చున్నా నెలలు పడుతుంది. కొందరికి ఏడాది దాటుతుంది. మూడు నెలల్లో లక్ష జీతం అని గోడల మీద అంటించే కాగితాలను నమ్మవద్దు.

కళ నుంచి ఈ దారికి వచ్చిన స్త్రీ కొత్తేమీ కాదు. అమెరికాలో ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్ చదివింది ఇంగ్లీషు సాహిత్యం. 1916లో షేక్‌స్పియర్ నాటకాల్లో రహస్య లిపి దాగి ఉందేమో వెతికే పనిలో చేరింది. అక్కడ నేర్చిన విద్యతో తర్వాత మద్యం స్మగ్లర్ల సంకేతాలను, రెండో ప్రపంచ యుద్ధంలో దక్షిణ అమెరికాలోని నాజీ గూఢచారుల సంకేతాలను ఛేదించింది. ఆ ఘనత ఎఫ్‌బీఐ ఖాతాలో పడింది. 1980లో ఆమె చనిపోయేనాటికి ఆ యుద్ధకాలపు పని రహస్యపు కాగితాల్లోనే ఉండిపోయింది. బ్రిటన్‌లో శత్రు సంకేతాలను ఛేదించిన బ్లెచ్లీ పార్కులో పనిచేసిన వాళ్లలో సుమారు నాలుగింట మూడొంతులు స్త్రీలే. నేడు ప్రపంచ సైబర్ సెక్యూరిటీ రంగంలో స్త్రీలు నాలుగో వంతుకు మించరని ఆ రంగపు సంస్థ ఐఎస్‌సీ2 అంచనాలు చెబుతున్నాయి. ఆ తెలివి మనకు లేక కాదు. పనికి జీతమూ గౌరవమూ పెరిగేకొద్దీ స్త్రీలు పక్కకు జరపబడ్డారు.

ఈ రంగంలోకి స్త్రీలు రావడం మన ఉద్యమానికి ఎందుకు అవసరమో మీకు విడమరచి చెప్పనక్కర్లేదు. ముఖం మార్చిన ఫొటోతో బెదిరింపులు ఎదుర్కొంటున్న అమ్మాయి, లోన్ యాప్ వాళ్లు బంధువులందరికీ మెసేజ్‌లు పంపిన తల్లి, గల్ఫ్‌లో ఇంటిపని చేసి పంపిన డబ్బు ఒక్క ఓటీపీతో పోగొట్టుకున్న అక్క మన దగ్గరికే వస్తున్నారు. చట్టాలు లేకపోలేదు. ఐటీ చట్టంలో 66ఇ, 67, 67ఏ సెక్షన్లు ఉన్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో చాటుగా చూడటం, చిత్రించటం 77వ సెక్షన్ కింద, వెంటాడటం 78వ సెక్షన్ కింద నేరాలు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేస్తే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం ఉంది. కానీ కోర్టులో నిలబడాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి. భయపడి ఫోన్లో ఉన్నదంతా చెరిపేస్తే సాక్ష్యం బలహీనపడుతుంది. అసలు ఆ ఫోన్‌ను ఎవరి చేతిలో పెట్టాలి? తన నగ్న చిత్రాన్ని ఐదుగురు మగవాళ్ల ముందు తెరిచి చూపించలేక ఫిర్యాదు మానుకున్న స్త్రీలను నేను చూశాను. ఆ బల్లకు అవతల మన భాషలో, మన యాసలో మాట్లాడే స్త్రీ, పని తెలిసిన స్త్రీ కూర్చుని ఉంటే వాళ్లు ఇంటికి తిరిగి వెళ్లిపోయేవారు కాదు.

మరి అడ్డంకులు ఏమిటి? ఇంట్లో కంప్యూటర్ ఉంటే అది కొడుకుది. చదువుకునే సమయం అందరూ నిద్రపోయాక. పేరున్న సర్టిఫికెట్ పరీక్షల ఫీజు వేలల్లో. ఇంటర్నెట్ మన చేతిలో లేదు. 2022 మే 24న జిల్లా పేరుపై అమలాపురంలో హింస జరిగాక రోజుల తరబడి నెట్ ఆగిపోయింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల పనీ, చదువుకునేవాళ్ల చదువూ ఆగాయి. ఈ రంగంలో చాలా పనులు షిఫ్టుల్లో జరుగుతాయి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతి స్త్రీ తన సమ్మతితో రాత్రిపూట పనిచేయవచ్చని, భద్రత యజమాని బాధ్యత అని చెబుతోంది. సమ్మతి అంటే ఒప్పుకోకపోతే ఉద్యోగం పోతుందన్న భయంతో పెట్టే సంతకం కాదు.

మోసగాళ్ల భయం కూడా ఉంది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కేసు మరవకూడదు. కంప్యూటర్ ఉద్యోగాలని చెప్పి మన యువకులను కాంబోడియాకు తీసుకెళ్లి, వాళ్లతోనే సైబర్ మోసాలు చేయించారు. విదేశాల్లో కంప్యూటర్ ఉద్యోగం అంటూ వచ్చే ఏ ఏజెంటునైనా లైసెన్సు అడగాలని మనం ఊరూరా చెప్పాలి.

ఇది లేసు మానెయ్యమని పిలుపు కాదు. అల్లిక మీద ప్రేమ ఉన్నవాళ్లు అందులోనే ఉండాలి, న్యాయమైన కూలి పొందాలి. వదలాలనుకున్నవాళ్లు సిగ్గుపడకుండా వదలగలగాలి. ఉండే హక్కు, వెళ్లే హక్కు రెండూ ఉన్నప్పుడే అది ఎంపిక అవుతుంది. లేకపోతే ఎక్కడున్నా అది బందిఖానాయే.

అందుకని మనం అడగాల్సినవి ఇవి. ఇంటి దగ్గర చేసిన చేతిపనిని అనుభవంగా ధ్రువీకరించాలి. వయసు పరిమితి లేకుండా, ఫీజు లేకుండా, పగటిపూట, పిల్లలను చూసుకునే ఏర్పాటుతో అమలాపురంలోనూ రాజోలులోనూ కొత్తపేటలోనూ శిక్షణ కేంద్రాలు కావాలి. సైబర్ నేరాల ఫిర్యాదులు తీసుకునే ప్రతిచోటా శిక్షణ పొందిన స్త్రీ ఉండాలి. మనం చెయ్యాల్సిందీ ఉంది. సంఘం ఆఫీసులో ఉన్న కంప్యూటర్‌ను సాయంత్రాలు వాళ్లకు వదలండి. హైదరాబాదు సీడాక్ నడిపే సైబర్ అవగాహన సామగ్రి ఉచితం, దానితో మొదలుపెట్టించండి. ఇద్దరు ముగ్గురిని కలిపి కూర్చోబెట్టండి, ఒంటరిగా నేర్చుకునేవాళ్లే మధ్యలో మానేస్తారు. మీ ఊళ్లో అలా మొదలుపెట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకు ఏది అడ్డొచ్చిందో, ఏది కలిసొచ్చిందో రాసి పంపండి. వచ్చే సంచికలో ఆ అనుభవాలతోనే మన డిమాండ్ల పత్రం తయారు చేద్దాం.