కేబుల్ పీకేసినా పాట ఆగలేదు

పోయిన సంక్రాంతికి విజయవాడ వెళ్ళినప్పుడు మొదలైన కడుపుమంట ఇది. అప్పుడే రాద్దామనుకున్నా, కానీ ఆ వేడిలో రాస్తే బూతులు దొర్లుతాయని ఆగాను. ఇప్పటికీ పెద్దగా చల్లారలేదు. ఇంకా ఆగితే బద్ధకం కమ్మేస్తుందని రాసేస్తున్నా.

మా బాబాయి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. సత్యనారాయణపురంలో ఇల్లు. ముందు గది బీరువా నిండా క్యాసెట్లే, మూడొందల పైచిలుకు. ఎనభైల్లో విజయవాడ రేడియో కేంద్రం నుంచి వచ్చిన కచేరీలు, టేపురికార్డరు పక్కన కాపలా కూచుని, కరెంటు పోకుండా దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ ఎక్కించుకున్నవి. ఈమధ్య పాటలన్నీ సీడీల నుంచి ఫ్లాక్ ఫైళ్ళుగా మార్చుకున్నాడు గానీ, క్యాసెట్ల జోలికి మాత్రం ఇంకా పోలేదు.

రెండేళ్ళ కిందట నేనే ఆయనకి ఒక ఏర్పాటు చేసిపెట్టాను. వెనక గదిలో నా పాత లాప్‌టాప్, దాంట్లో పాటల ఫైళ్ళు. హాల్లో అరచేతిలో పట్టే ఒక రాస్ప్‌బెరీ పై, దాంట్లో మ్యూజిక్ ప్లేయర్ డీమన్ (2003 నుంచీ ఉన్న సాఫ్ట్‌వేర్, ఉచితం). దానికి యూఎస్‌బీతో ఒక డాక్, ఆ తరవాత ఆయన పాత ఆంప్లిఫయరూ స్పీకర్లూ. ఫోన్లో పాట నొక్కితే హాల్లో మోగుతుంది. స్పీకర్లు పాతవే కాబట్టి మొత్తం ఖర్చు పదిహేను వేలు దాటలేదు. కొంత సరుకు కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నదే.

సంక్రాంతికి వెళ్ళేసరికి టీవీ బల్ల మీద వెండిలా మెరిసే అల్యూమినియం డబ్బా ఒకటి కూచుని ఉంది.

"ఏంటి బాబాయ్ ఇది?"

"నెట్‌వర్క్ స్విచ్‌రా. ఆడియోఫైల్ గ్రేడ్."

అరవై రెండు వేలట. దానికి తోడు ఒకటిన్నర మీటర్ల లాన్ కేబుల్, పద్దెనిమిది వేలు. కేబుల్ మీద బాణం గుర్తు కూడా ఉంది, సంగీతం ఎటువైపు ప్రవహించాలో చెప్పడానికి! టీసీపీలో అందుకున్నవాడు "అందింది" అని వెనక్కి కబురు పంపుతూనే ఉండాలి కదా. మరి బాణానికి ఎదురెళ్ళే ఆ ప్యాకెట్లు పాపం ఏ దారిన పోవాలి?

అమ్మిన కొట్టు పేరు చెప్పను. ఆయన పెన్షన్ డబ్బుల్లోంచి ఎనభై వేలు లాగారని మాత్రం చెప్తాను. "గాత్రం చుట్టూ గాలి ఆడుతుంది సార్, తంబూరా శ్రుతి విడిగా తెలుస్తుంది సార్" అన్నాడట అక్కడి కుర్రాడు. బాబాయికి తెలిసింది కూడానట. ఎనభై వేలు పోశాక తెలియకపోతే ఎలా?

ఇక అసలు సంగతి. పాట ఫైలు నెట్‌వర్క్ మీద వెళ్ళేటప్పుడు అది పాట కాదు, అంకెల మూట. ముక్కలుగా వెళ్తుంది. ప్రతి ఈథర్‌నెట్ ఫ్రేముకీ చివర ఒక తనిఖీ సంఖ్య ఉంటుంది, లెక్క తప్పితే ఆ ముక్కని అవతల పారేస్తారు. టీసీపీ మళ్ళీ పంపించుకుంటుంది. ఇది 1981 నాటి ప్రమాణపత్రంలోనే ఉంది, కొత్త విద్యేం కాదు. మనియార్డరు తెచ్చిన పోస్ట్‌మాన్ కొత్త సైకిలెక్కి వస్తే వందనోటు నూటపాతికవుతుందా?

"అంకెలు సరేనండీ, టైమింగ్ సంగతేంటి? జిట్టర్?" అని అడిగేవాళ్ళుంటారు. మంచి ప్రశ్నే. అది స్విచ్‌ని కాదు, డాక్‌ని అడగాల్సిన ప్రశ్న. ఈరోజుల్లో వచ్చే మంచి యూఎస్‌బీ డాక్‌లు దాదాపు అన్నీ అసింక్రనస్ పద్ధతిలో పనిచేస్తాయి. అంటే గడియారం డాక్‌లోనే ఉంటుంది, "కాస్త తొందరగా పంపు, కాస్త నెమ్మదిగా పంపు" అని కంప్యూటర్‌కి అదే చెప్తుంది. వెనక గదిలోని స్విచ్ ఏ లయలో పంపిందన్నది బఫర్లో పడగానే చెరిగిపోతుంది. ఒక్క మాట ఒప్పుకుంటాను: ఆఖరి మెట్టు, అంటే యూఎస్‌బీ మీద పాట వెళ్ళే పద్ధతిలో, తప్పుని పట్టుకోవడం ఉంది గానీ మళ్ళీ పంపడం లేదు. అక్కడ బిట్లు పాడైతే టక్కుమనో చిటుక్కుమనో వినిపిస్తుంది. గమకం నాజూకు తగ్గడం, తంబూరా దూరం జరగడం లాంటి సుకుమారమైన జబ్బులు దానికి రావు.

ఇదంతా చెప్తే బాబాయి విన్నాడు. పాఠాలు చెప్పిన మనిషి, మర్యాదగా విన్నాడు. "నీ సిద్ధాంతం నీదిరా, నా చెవులు నావి" అన్నాడు.

సరే, చెవులతోనే తేల్చుకుందామన్నాను. పిన్ని చేతికి రూపాయి బిళ్ళ ఇచ్చాం. బొమ్మ పడితే ఆ డబ్బా, బొరుసు పడితే నేను తెచ్చిన ఎనిమిదొందల స్విచ్. బల్ల మీద దుప్పటి కప్పాం. నేను బయట వరండాలో. పదహారు సార్లు. మధ్యలో రెండుసార్లు కాఫీ. పిన్ని నోట్‌బుక్కులో రాసుకుంది. పదహారింటిలో పన్నెండు కరెక్టుగా చెప్తే సరదాకి చెప్పింది కాదని నమ్మొచ్చు, ఎందుకంటే గుడ్డిగా చెప్పినా పన్నెండో అంతకన్నా ఎక్కువో తగిలే అవకాశం 4 శాతం లోపే. బాబాయి ఏడు చెప్పాడు.

"చెవులు అలిసిపోయాయిరా" అన్నాడు.

అప్పుడు నాకో ఆలోచనొచ్చింది. పాట నడుస్తుండగా లేచి వెళ్ళి, ఆ పద్దెనిమిది వేల కేబుల్‌ని రాస్ప్‌బెరీ పై నుంచి పీకేసి ఆయన ఒళ్ళో పెట్టాను. పాట ఆగలేదు. ప్లేయర్ 4 మెగాబైట్ల బఫర్ పెట్టుకుంటుంది. సీడీ నాణ్యతలో సెకనుకి 1,76,400 బైట్లు. అంటే ఇరవై సెకన్ల పైన సరుకు ముందే లోపల చేరి ఉంటుంది. ఆ ఇరవై సెకన్లూ కేబుల్ ఆయన ఒళ్ళో ఉంది, పల్లవి హాల్లో నడుస్తూ ఉంది. గాలి ఆడటం, తంబూరా అన్నీ అలాగే ఉన్నాయి. పాట ఆగిపోయాక బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. నాకే బాధేసింది, పండగ పూట ఎందుకు చేశానా అని.

తేడాలే ఉండవని నేను అనడం లేదు. ఉంటాయి, కానీ వీళ్ళు అమ్మేచోట ఉండవు. కంప్యూటర్‌నీ ఆంప్లిఫయర్‌నీ వేర్వేరు ప్లగ్గుల్లో పెట్టి ఎర్తు సరిగా లేకపోతే గుయ్య్‌మని వచ్చే రొద నిజం. దానికి మందు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టడం, లేదా కంప్యూటర్‌కీ డాక్‌కీ మధ్య ఆప్టికల్ కేబుల్ వాడటం. వైఫై 2.4 గిగాహెర్ట్జ్‌లో అపార్టుమెంటంతా కొట్టుకుంటుంటే పాట తెగిపోవడం నిజం. లాన్ కేబుల్ లాగితే పోతుంది, మామూలుది. ఆపరేటింగ్ సిస్టమ్ అడక్కుండా 44.1ని 48 కిలోహెర్ట్జ్‌కి మార్చేయడం కూడా నిజం. మిక్సర్ని దాటేసి ప్లేయర్‌ని నేరుగా డాక్‌తో మాట్లాడమంటే సరి. ఇవేవీ అరవై రెండు వేల పనులు కావు. నేను మా ఇంట్లో ఇంకో బోర్డు తగిలించి డిజిటల్ అవుట్‌పుట్‌ని మరో సౌండ్ కార్డులోకి రికార్డు చేసి, అసలు ఫైలుతో పోల్చి చూశాను. నాలుగు నిమిషాల పాట, ఒక్కో ఛానల్లో 1,05,84,000 శాంపిళ్ళు. ఒక్కటి కూడా తేడా లేదు, ఎనిమిదొందల స్విచ్ మీద.

అన్నట్టు, ఆ కుర్రాడు తరవాతి మెట్టు కూడా సూచించాడట: పాటలన్నీ 24 బిట్, 192 కిలోహెర్ట్జ్‌లో మళ్ళీ కొనుక్కోమని. మేయర్, మోరన్ అనే ఇద్దరు 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో ఒక పరీక్ష ప్రచురించారు. ఎస్‌ఏసీడీ పాటని నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ స్థాయికి దించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో 276 కరెక్టు. పిన్ని రూపాయి బిళ్ళ కూడా అంతే చెప్తుంది. 2016లో రైస్ అనే ఆయన అలాంటి 18 పరీక్షల్ని కలిపి లెక్కేస్తే 52.3 శాతం వచ్చింది. అంటే తేడా ఉంటే ఉండొచ్చు, వెంట్రుకవాసి. ఆ వెంట్రుక కోసం మన ఇళ్ళల్లో నెత్తిమీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుండగా చెవులు రిక్కించాలి! ఫ్యాన్ రొద నలభై యాభై డెసిబెల్స్. సీడీలోని 16 బిట్లు ఇచ్చే 96 డెసిబెల్స్ పూర్తిగా వినాలంటే పాటని ఫ్యాన్ మీద అంత ఎత్తుకి పెంచాలి. 140కి అటూ ఇటూ. చెవులే ఉండవు. వెయ్యి రూపాయలు పెట్టి మందపాటి కర్టెన్లు కొని, వినే గంటసేపు ఫ్యాన్ ఆపితే వచ్చే తేడా మా పిన్నికి కూడా తెలిసింది.

ఎంక్యూఏ గుర్తుందా? 2014లో ఆడియో పత్రికలు కొన్ని దాన్ని నెత్తినెత్తుకున్నాయి. దాని కోసం డాక్‌లు మార్చినవాళ్ళున్నారు. 2023లో ఆ కంపెనీ దివాలా దారి పట్టింది, 2024లో టైడల్ దాన్ని పూర్తిగా వదిలేసి ఫ్లాక్‌కి వచ్చింది. ఉచితంగా దొరికే ఫ్లాక్ 2001 నుంచీ అలాగే ఉంది. ఇంకో ముచ్చట, స్క్వీజ్‌బాక్స్ అమ్మకం 2012లో ఆగిపోయింది, దాని ఇంటర్నెట్ సేవ 2024లో మూసేశారు. అయినా ఆ డబ్బాలు ఇంట్లో ఈరోజుకీ పాడుతున్నాయి, సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాబట్టి.

నా కోపం బాబాయి మీద కాదు. కొట్టువాడి మీద కూడా సగమే, వాడిది వ్యాపారం. నా కోపం మన మీద. మాదాపూర్‌లో, బెంగుళూరులో, బే ఏరియాలో కూచుని పొద్దస్తమానం డేటాబేసులు ఖండాలు దాటించే మనవాళ్ళే ఈ డబ్బాలు కొని "నైట్ అండ్ డే డిఫరెన్స్" అని పొగుడుతున్నారు. ఒకటో తారీఖున జీతం అదే రకం తీగల మీంచి వస్తుంది. "ఈ నెల జీతం కాస్త మసకగా వచ్చింది, స్విచ్ మార్చండి" అని ఎవడైనా హెచ్ఆర్‌కి రాశాడా? తెలిసినవాడు నోరు మూసుకుని, తెలిసీ కొన్నవాడు నోరు తెరిస్తే, మా బాబాయి లాంటివాళ్ళు ఎవర్ని నమ్మాలి? "సాఫ్ట్‌వేర్ వాళ్ళే కొంటున్నారు సార్" అన్నాడట ఆ కుర్రాడు. అసలు అమ్మకం ఆ ఒక్క మాటతోనే అయిపోయింది.

ఇంతకీ నిజంగా ఏడుపొచ్చిన విషయం ఇది కాదు. కనుమ నాడు బీరువా తెరిచి క్యాసెట్లు చూశాం. చాలావాటికి తెల్లగా బూజు. కొన్నిటికి టేపుని హెడ్‌కి అదిమే చిన్న దూది ముక్క ఊడిపోయింది. వాటిలో ఒకటి 1983ది. మా నానమ్మ మంగళహారతి పాడుతుంటే బాబాయి రికార్డు చేసింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. సంగీతం పోతున్నది కేబుల్లో కాదు, ఆ బీరువాలో. ఎనభై వేలుంటే మంచి క్యాసెట్ డెక్ ఒకటి బాగుచేయించి, ఒక మనిషిని కూచోబెట్టి మొత్తం ఎక్కించేసి ఉండేవాళ్ళం. ఇక్కడ తొందరపాటు కుదరదు, గంట టేపుకి గంట పడుతుంది. ఒక్కో క్యాసెట్‌కీ హెడ్ పక్కన మరని పిసరంత తిప్పి అజిమత్ సరిచెయ్యాలి, లేకపోతే పై స్థాయి అంతా చచ్చిపోతుంది. అక్కడ ఒకసారి పోయింది మళ్ళీ రాదు, ఏ టీసీపీ తిరిగి పంపించదు.

డబ్బా వెనక్కి తీసుకోమన్నారు కొట్టువాళ్ళు. "డబ్బా విప్పేశారు కదా సార్" అట. అది ఇంకా బల్ల మీదే ఉంది, పిన్ని దాని మీద మనీప్లాంట్ పెట్టింది.

ఓ పాత డెక్ సంపాదించి, బెల్టు మార్పించి, హెడ్డు ఆల్కహాల్‌తో తుడిచి బాబాయికి అప్పగించాను. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఎక్కిస్తున్నాడు, నెట్‌వర్క్ మీంచి తిన్నగా వెనక గది లాప్‌టాప్‌లోకి. ఇప్పటికి నలభై ఒక్క క్యాసెట్లయ్యాయి. నానమ్మ టేపుని బూజు తుడిచి, మరలున్న కొత్త డొక్కలోకి మార్చాం. ఒకవైపు బాగానే వచ్చింది. రెండోవైపు మొదటి ఆరు నిమిషాలు లేవు.