లీడు ఊదే పిల్లవాడి మౌత్‌పీసు గురించి నాలుగు మాటలు



పోయిన ఆదివారం మీటింగులో ఉగాది ఊరేగింపు ఖర్చులు చూస్తుండగా బ్యాండు సంగతి వచ్చింది. మన బ్యాండులో లీడు ట్రంపెట్ ఊదే పిల్లవాడు రెండో గంటకే పై స్వరాలు అందుకోలేకపోతున్నాడని, వచ్చే ఏడు వేరే మేళాన్ని పిలుద్దామని ఇద్దరు అన్నారు. ఇంకొకాయన వాడి మీద జాలితోనే, "మౌత్‌పీసు బిగుతుగా ఉందంట, లేత్ షాపులో ఇచ్చి రంధ్రం పెద్దది చేయిస్తే సరిపోతుంది, రెండు వందల పని" అన్నారు. అప్పుడు నాకు మాట రాలేదు. ఇంటికొచ్చాక నిద్ర రాలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. నేను చదివింది తమిళ బడి, తెలుగు అక్షరాలు రిటైరయ్యాక మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

రైల్వేలో గుమాస్తా పని చేస్తూనే సాయంత్రాలు పెళ్ళి బ్యాండులో రెండో ట్రంపెట్ ఊదేవాణ్ణి. మా తమ్ముడు లీడు. లీడంటే పాటంతా పైన మోసేవాడు. వాడు తడబడితే వీధిలో అందరికీ తెలుస్తుంది, రెండోవాడు తడబడితే పక్కవాడికి కూడా తెలియదు. కూలి కూడా ఆ లెక్కనే. ఒక ఏడు తై మాసం ముహూర్తాల ముందు తమ్ముడు, "అన్నా, ఊపిరి పోవడం లేదు, ఎవరో గొంతు పట్టుకున్నట్టుంది" అన్నాడు. నేను స్టోర్సులో డ్రిల్ బిట్లు నంబరు వారీగా లెక్క రాసేవాణ్ణి కదా, నాకంటే తెలిసినవాడు లేడనుకున్నాను. మౌత్‌పీసు గొంతు మామూలుగా 27 నంబరు డ్రిల్, అంటే 3.66 మిల్లీమీటర్లు. తెలిసిన లేత్ షాపుకు పట్టుకెళ్ళి 22 నంబరుకు తోడించాను. అది 3.99. మిల్లీమీటరులో మూడోవంతే కదా అనిపిస్తుంది. కానీ గాలి పోయే దారి దాదాపు 19 శాతం పెరిగిపోయింది.

మొదటి సాయంత్రం ఇంట్లో ఊదితే శబ్దం ఇంత లావుగా వచ్చింది. అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి చూసింది. మూడో ముహూర్తానికి పెళ్ళికొడుకు ఊరేగింపు సగం వీధి దాటకముందే వాడి పెదవులు చచ్చిపోయాయి. ఎంత ఊపిరి పోసినా చాలదు, పైకి వెళ్ళేకొద్దీ శృతి నిలవదు. సీజను ముగిసేసరికి లీడు వేరేవాడికి పోయింది. రెండేళ్ళకు తమ్ముడు ట్రంపెటే వదిలేసి మళిగ కొట్టులో చేరాడు. ఇంతవరకూ నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు బాధ.

తరువాత ఒక పెద్ద వాద్యగాడు ఆ మౌత్‌పీసును చేతిలో తిప్పి చూసి నవ్వాడు. అది ట్రంపెట్‌ది కాదు, కార్నెట్‌ది. దాని కాడ సన్నం, పొట్టి. గట్టిగా కూర్చోవాలని తమ్ముడు కాగితం చుట్టి పెట్టుకున్నాడు. లోపలి గొట్టంలో తాంబూలం ఎర్రగా పేరుకుని ఉంది. ఊపిరిని పట్టుకున్నది ఈ రెండూ. రంధ్రం చేసిన పాపం ఏమీ లేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. "తేలికగా ఊపిరి పోయే మౌత్‌పీసు" కావాలని లీడు ఊదేవాడు అడిగితే, పెద్ద రంధ్రం కావాలని అర్థం కాదు. పై స్వరానికి ఎక్కువ గాలి అక్కర్లేదు, గాలి వెనుక ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడికి మౌత్‌పీసు కొంచెం ఎదురు నిలవాలి. ఏ ఎదురూ లేకపోతే ఆ పనంతా పెదవులే చెయ్యాలి. అరగంట కచేరీకి చెల్లవచ్చు, మూడు గంటల ఊరేగింపుకు చెల్లదు.

ఇంకొకటి ఉంది. లీడువాళ్ళు శబ్దం పదునుగా రావాలని లోతు తక్కువ గిన్నె వాడతారు. అందులో తప్పు లేదు. కానీ గంటన్నర తరువాత పెదవి వాచి గిన్నె లోపలికి పొంగి అడుగును తాకుతుంది. తాకగానే శబ్దం టక్కున ఆగిపోతుంది. ఊదేవాడికి మాత్రం గొట్టం మూసుకుపోయినట్టే ఉంటుంది. దీనికి గొంతు ఎంత తోడినా లాభం లేదు, గిన్నె ఒక మెట్టు లోతుగా ఉన్నది తీసుకోవాలి. మన పిల్లవాడికి మొదటి గంట బాగుండి రెండో గంటకు చెడుతోందంటే నా అనుమానం దీని మీదే.

కొనేటప్పుడు కూడా జాగ్రత్త. బాక్ కంపెనీ లెక్కలో నంబరు పెరిగితే అంచు వెడల్పు తగ్గుతుంది, అక్షరం ఏ అయితే గిన్నె చాలా లోతు. షిల్కే లెక్క దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. నంబరు పెరిగితే వెడల్పు పెరుగుతుంది, ఏ అయితే లోతు బాగా తక్కువ. లీడువాళ్ళలో పేరున్న షిల్కే 14ఏ4ఏ ఆ రకమే. దాని చివరి ఏ వెనక గొట్టం ఇరుకని చెప్తుంది. చూడండి, పై స్వరాల కోసం పేరుపడ్డ మౌత్‌పీసులో వెనక గొట్టం ఇరుకుగానే పెట్టారు.

ఆ బాక్ కథ కూడా చెప్పాలి. విన్సెంట్ బాక్ ఆస్ట్రియాలో పుట్టిన ట్రంపెట్ వాద్యగాడు, 1914లో అమెరికా చేరాడు. పిట్స్‌బర్గ్‌లో ఉండగా తన మౌత్‌పీసును కొంచెం మార్చమని ఒక రిపేరువాడికి ఇస్తే వాడు దాన్ని పాడు చేసి పెట్టాడు. సరైనది మళ్ళీ ఎక్కడా దొరక్క, 1918లో కాలితో తొక్కే లేత్ ఒకటి కొని తనే చెయ్యడం మొదలుపెట్టాడు. అంతటివాడికే అలా అయితే, మన రెండు వందల లేత్ పని గురించి మీరే ఆలోచించండి.

పేరు చూసి కొనడం కూడా వద్దు. మేనార్డ్ ఫెర్గూసన్ అని కెనడా వాడు, పై స్వరాలకు ప్రపంచమంతా పేరు. 1960ల చివర్లో మన మదనపల్లె దగ్గర ఋషి వ్యాలీ బడిలో సంగీతం కూడా చెప్పాడు. ఆయన పేరుతో మౌత్‌పీసులు అమ్మారు, కొన్నవాళ్ళకు మౌత్‌పీసు వచ్చింది గానీ ఆ స్వరాలు రాలేదు.

నేను అడిగేది చిన్నది. మొదట ఆ పిల్లవాడి ట్రంపెట్‌ను, మౌత్‌పీసును గోరువెచ్చని సబ్బు నీళ్ళతో బ్రష్ పెట్టి కడిగించండి. ఉమ్మి వదిలే కీ దగ్గర కార్కు అరిగి గాలి కారుతోందేమో, వాల్వులు వదులయ్యాయేమో, మౌత్‌పీసు కాడ గొట్టంలో ఆడకుండా కూర్చుంటోందా చూడండి. వీటికి చేతి ఖర్చు తప్ప ఏమీ అవదు. అప్పటికీ తీరకపోతే, వాడి పెదవికి అలవాటైన అంచు వెడల్పులోనే గిన్నె లోతు వేరుగా ఉన్న మూడు మౌత్‌పీసులు ఎక్కడైనా అరువు తెచ్చి ఇద్దాం. కొట్లో నిలబడి రెండు స్వరాలు ఊది తేల్చకూడదు. గంటసేపు వాయించాక, అలసిన పెదవితో, వాడికి అన్నిటికంటే కష్టమైన పాట వాయించి చూడాలి. ఏది నిలిస్తే అది సంఘం డబ్బుతో కొందాం. కొత్త మేళానికి ఇచ్చే అడ్వాన్సులో సగం కూడా అవదు. దానికి నా వంతుగా 1000 రూపాయలు రాసుకోండి.

అంతవరకూ వాణ్ణి మార్చే మాట వద్దు. వాడికి పెదవే సంపాదన, ఇరవై నాలుగేళ్ళవాడు, ఇంట్లో చెల్లెలు చదువుతోంది.

తమ్ముడి మౌత్‌పీసు ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. వచ్చే ఆదివారం తెస్తాను. పిల్లవాడిది కూడా పక్కన పెట్టి, రెండిటినీ కిటికీ వెలుతురుకు పట్టి చూడండి.